గుడిసె అని రాస్తే 8 వేలు, ఇల్లు అని రాస్తే లక్షా 20 వేలు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో ‘విపత్తు నిర్వహణ’ చదవని గ్రూప్స్ అభ్యర్థి ఉండరు. చట్టం 2005లో వచ్చింది. రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో కేంద్రం వాటా 75 శాతం. నోటిఫై చేసిన విపత్తుల్లో అగ్నిప్రమాదం కూడా ఉంది. ఇదంతా మనకు కంఠతా వచ్చు. ఇల్లు కాలిన కుటుంబానికి ఆ నిధి నుంచి ఎంత వస్తుంది, ఎవరికి రాదు అన్నది మాత్రం ప్రశ్నపత్రంలోకి రాదు.

అశోక్‌నగర్ పక్క నుంచి నల్లకుంట, గోల్నాక మీదుగా హుస్సేన్‌సాగర్ నాలా మూసీకి పోతుంది. నాలా అనగానే 2020 అక్టోబర్ వరద గుర్తొస్తుంది. నిప్పు గుర్తురాదు. కానీ రేకులు, ఫ్లెక్సీలు, చెక్కలతో కట్టుకున్న ఇరుకు బస్తీ ఎక్కడున్నా, ఒక గదిలో మొదలైన మంట ఆ గదితో ఆగదు. 2024 ఫిబ్రవరిలో కరీంనగర్‌లో కూలీల గుడిసెలు అంటుకుని సిలిండర్లు పేలాయి. చాలామంది మేడారం జాతరకు పోయి ఉన్నందుకు ప్రాణాలు దక్కాయి. దాచుకున్న డబ్బు, ఆధార్, కులం సర్టిఫికెట్, పిల్లల టెన్త్ మెమో ఇలాంటి మంటల్లోనే పోతాయి.

ఇక సాయం సంగతి. 2022-26 కాలానికి కేంద్ర హోంశాఖ ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, మైదాన ప్రాంతంలో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి లక్షా 20 వేలు. పక్కా ఇల్లయినా కచ్చా ఇల్లయినా అంతే. గుడిసెకు 8 వేలు. బట్టలకు 2,500, వంటసామానుకు మరో 2,500. కచ్చా ఇల్లు ఎక్కడ ఆగుతుంది, గుడిసె ఎక్కడ మొదలవుతుంది? కచ్చా ఇంటికన్నా నాసిరకం, జిల్లా అధికారులు గుడిసెగా గుర్తించినది గుడిసె అట! అంటే ఇటుక గోడ మీద రేకులేసిన గది ఏమిటన్నది పంచనామా రాసే అధికారి కలం తేలుస్తుంది. తేడా లక్షా 12 వేలు.

దానికన్నా పెద్ద అడ్డంకి ఇంకొక షరతు. దెబ్బతిన్న ఇల్లు అధీకృత నిర్మాణమని అధికారి ధ్రువీకరించాలి. 2014 డిసెంబర్ నాటి జీవో 58 పేదల ఆక్రమణలో ఉన్న 125 గజాల దాకా ప్రభుత్వ స్థలాన్ని ఉచితంగా క్రమబద్ధీకరిస్తామంది. అయితే అభ్యంతరం లేని స్థలాలకే. నాలా ఒడ్డు ఆ లెక్కలోకి రాదు. ముప్పై ఏళ్లు కరెంటు బిల్లు కట్టినా ఆ ఇల్లు కాగితం మీద అధీకృతం కాదు. కాలిపోయాక మళ్లీ పైకప్పు వేసుకోబోతే కొత్త ఆక్రమణ అంటారు.

ఇది మన ఒక్కరి కథ కాదు. 2025 జనవరి మంటల్లో లాస్ ఏంజెలెస్‌లోని పాలిసేడ్స్ బౌల్ అనే మొబైల్ హోమ్ పార్క్ కాలింది. అక్కడ ఇల్లు నివాసిది, నేల పార్క్ యజమానిది. సొంత స్థలాల్లో ఇళ్లు పోయినవాళ్ల శిథిలాలను ప్రభుత్వ ఖర్చుతో తీయించిన ఫెమా సంస్థ, దీన్ని వాణిజ్య ఆస్తి అంటూ వదిలేసింది. వాళ్లకు కనీసం అద్దె ఒప్పందాలున్నాయి.

దళిత ఉద్యమం గెలుచుకున్న ఒక నిబంధనను దీని పక్కన పెట్టి చూడండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాలు, 1995 ప్రకారం అత్యాచారంలో ఇల్లు కాలిపోతే ప్రభుత్వ ఖర్చుతో ఇటుక లేదా రాతి ఇల్లు కట్టించాలి. అక్కడ గుడిసె, కచ్చా అన్న మెట్లు లేవు. అమలు ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. అయినా సూత్రం స్పష్టం: కాలింది గుడిసె అయినా తిరిగి ఇవ్వాల్సింది ఇల్లు. నిప్పు పెట్టినవాడి కులం నిరూపిస్తే ఇల్లు, షార్ట్ సర్క్యూట్ అయితే 8 వేలు అనడం ఏ న్యాయం? ఊరికి దూరంగా వాడ ఉన్నట్టే, నగరంలో నాలా ఒడ్డు ఉంది. అక్కడికి నెట్టింది షార్ట్ సర్క్యూట్ కాదు.

2022 మార్చి 23న పక్కనే బోయిగూడలో తుక్కు గోదాములో నిద్రిస్తున్న 11 మంది బిహారీ కార్మికులు చనిపోతే పరిహారం అదే రోజు ప్రకటించారు. మరణానికి ఉన్న ఆ తొందర బతికి బయటపడ్డవాళ్ల ఇంటికి లేదు.

అడగాల్సింది రెండు. అధీకృత నిర్మాణం షరతును మురికివాడల నివాసాలకు ఎత్తేయాలి. గుడిసెకూ ఇంటికీ ఒకే మొత్తం ఇవ్వాలి. అప్పటిదాకా కరెంటు బిల్లు, ఇంటిపన్ను రసీదు, గోడల ఫొటోలు ఇంటి బయట ఎవరి ఫోన్‌లోనైనా భద్రంగా ఉండాలి. పంచనామాలో ‘గుడిసె’ అని రాస్తుంటే సంతకానికి ముందే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. లైబ్రరీ మెట్ల మీద కూర్చునే మనలో ఎవరికైనా ఆ అర్జీ రాయడం పది నిమిషాల పని.