పొక్కులు బిడ్డవి, గడువు తల్లిది

మా మేనకోడలు ఐదవ నెల గర్భిణి. ఒకనాటి ఉదయం ఆమె రెండేళ్ల కొడుకు వీపుపై నీటిపొక్కులు కనిపించాయి. "ఆటలమ్మే" అంటూ అత్తగారు వేపమండలు తెప్పించారు. అందరి చూపూ బిడ్డమీదే.

ఇటువంటప్పుడు ముందుగా తల్లిని అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "నీకు చిన్ననాడు ఆటలమ్మ పోసిందా?" పోసివుంటే సాధారణంగా భయం లేదు. తెలియకుంటే ఆనాడే వైద్యునికి ఫోను చేయాలి. ఇతర గర్భిణుల నడుమకు వెళ్లి కూర్చోరాదు. రక్తపరీక్షలో రక్షణ లేదని తేలితే, వైద్యుడు సూచించే ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇంజక్షను 10 రోజుల లోపే పడాలి. పొక్కులు లేవడానికి రెండు రోజుల ముందునుంచే వ్యాధి అంటుతుంది. అంటే, గడువు అప్పటికే తరుగుతున్నదన్నమాట.

మా అక్కయ్యకు ఫోను చేశాము. "ఐదో ఏట పోసిందిగా! నుదుటి మచ్చ దానిదే" అన్నది. వైద్యుడూ విని, ధైర్యం చెప్పాడు.