టైంషీట్‌లో ఎనిమిది, కుర్చీలో పన్నెండు!

ఎండాకాలంలో కాలిఫోర్నియాలో పొద్దున పది గంటలైతే మాదాపూర్‌లో రాత్రి పదిన్నర. అక్కడి క్లయింటు కాఫీ తాగి తాపీగా కాల్‌లోకి వస్తడు. పొద్దుగాల తొమ్మిదిన్నరకు కార్డు గీకిన మన కరీంనగర్ పిల్లగాడు అప్పటికీ కుర్చీలోనే ఉంటడు. శుక్రవారం టైంషీట్‌లో మాత్రం రోజుకు ఎనిమిది గంటలే నింపాలె. పన్నెండు రాస్తే మేనేజర్ వాపస్ పంపుతడు. క్లయింటుకు వేసే బిల్లు ఎనిమిదికే గదా! మరి మిగిలిన నాలుగు గంటలు ఏమైనయి? వాటికి జీతం లేదు, లెక్క లేదు, సాక్ష్యం కూడా లేదు. మా దోస్తుల్లో సగం మంది ఇట్లనే బతుకుతున్నరు. అప్రైజల్‌ల రేటింగ్ తగ్గుతదని, బెంచ్ మీద కూసోబెడతరని నోరు మెదపరు.

అడిగితే ఏమంటరు? "మీరు కార్మికులు కాదు, ప్రొఫెషనల్స్" అంటరు. పచ్చి అబద్ధం. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కార్మికుడెవరో చెప్పినచోటనే సాంకేతిక పని చేసేటోళ్లను కూడా చేర్చింది. దాని స్థానంలో 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కోడ్‌లోనూ ఆ మాట ఉన్నది. 1988 దుకాణాలు, సంస్థల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అన్నది. ఆ సెక్షన్ నుంచి ఐటీ కంపెనీలకు మినహాయింపు ఇచ్చింది ఎవరు? ఉమ్మడి రాష్ట్రపు సర్కారు. స్వరాష్ట్రం వచ్చినంక దాన్ని కొనసాగించింది ఎవరు? మన సర్కార్లే. ఈ మాట రాయడానికి మాకు సంతోషంగా లేదు.

2025 జూలైలో 282 జీవో వచ్చింది. దుకాణాలను వదిలి, వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చట. వారానికి 48 దాటితే ఓవర్‌టైం ఇయ్యాలట. కారణం, వ్యాపార సౌలభ్యం. 1985 నాటి 610 జీవో అమలు కోసం మన ఉద్యోగులు దశాబ్దాలు కొట్లాడిన్రు. ఈ 282ను ఏ ఉద్యోగి అడిగిండు?

పైనుంచి పెద్దమనుషుల నీతులొకటి. 2023లో నారాయణమూర్తి 70 గంటలన్నడు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ 90కి పోయిండు, ఆదివారం ఇంట్ల కూసోని భార్య మొఖం ఎంతసేపు చూస్తరని కూడా అడిగిండు. పెండ్లాం ముఖం చూసే తీరిక ఆయనకున్నదో లేదో గానీ, వారానికి 55 గంటలు, ఆపైన పని చేసినందుకు పక్షవాతం, గుండెజబ్బులతో 2016 ఒక్క ఏడాదే ప్రపంచంలో 7,45,000 మంది పోయిన్రని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్క తేల్చినయి.

కర్ణాటకలో 2024లో 14 గంటల ప్రతిపాదన వస్తే అక్కడి ఐటీ ఉద్యోగుల సంఘం కిటు ఎదురు నిలబడ్డది. 2011లో 42 రోజులు సకల జనుల సమ్మె చేసిన గడ్డ మనది. గచ్చిబౌలిలో అట్లాంటి గొంతు ఎందుకు గట్టిగ లేదు?

తమ్ముడూ, చెల్లే! ఈ వారం నుంచి లోపలికి పోయిన టైము, బయటికొచ్చిన టైము ఒక నోటుబుక్కుల రాసుకోండ్రి. నెల నిండినంక మాకు పంపుండ్రి. మీ పేరు, కంపెనీ పేరు అచ్చెయ్యం. గంటలు మాత్రం అచ్చేస్తం.