బిడ్డ తూకం భిక్ష కాదు

పోయిన ఏడాది మా బడిలో ఒకటో తరగతిలో చేరిన ఒక గుంటడు పిలిస్తే పలికేవాడు కాదు. 'మొద్దు' అన్నాం. అవును, మేమే అన్నాం. తరతరాలుగా మనల్ని అన్న మాటే మన బిడ్డని అన్నాం. నాలుగు నెలలకి తెలిసింది, వాడికి చెవి వినపడదని. పసితనం నుంచీ చీము కారుతోందట. ఎవరూ చూడలేదు.

కళ్ళజబ్బులూ చర్మరోగాలూ పోవాలని అరసవల్లి సూర్యదేవుడికి ఎక్కడెక్కడి జనమో మొక్కుకుంటారు. రోగం రాకముందే బిడ్డని చూపించమంటే మాత్రం పేటల్లో తల్లులు, "బాగానే ఉన్నాడు కదేటి మాస్టారూ! సూదేటికి? జొరమొస్తే నా కూలెవులిస్తారు?" అంటున్నారు. వాళ్ళని తప్పుపట్టలేం. కూలి పోతే ఆ పూట పొయ్యి వెలగదు. పైగా మన బిడ్డని ముట్టుకోకుండా "నువ్వే బల్లమీద పెట్టు" అన్నవాళ్ళని, తూకం వెయ్యకుండానే అంకె రాసుకున్నవాళ్ళని మేమెరుగుదుం.

అయినా మానుకుంటే నష్టం ఎవరికి? అంబేద్కర్, రమాబాయిలకు పుట్టిన ఐదుగురిలో నలుగురు పసితనంలోనే పోయారు. యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. ఆ కడుపుకోత ఎరిగిన అంబేద్కరే 1928లో బొంబాయి శాసనమండలిలో కూలి తల్లుల ప్రసూతి సాయం బిల్లుకి మద్దతు పలికారు. బిడ్డ ఆరోగ్యం దానం కాదు, హక్కు.

నెలనెలా తూకం వేస్తే, జ్వరం రాకముందే కార్డుమీద గీత కిందికి దిగడం కనబడుతుంది. ఆర్నెల్లు దాటి ఐదేళ్ళలోపు బిడ్డకి జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకి తగ్గితే ఆగకూడదు, ఆస్పత్రికి తీసుకుపోవాలి. తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకా పడాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకొచ్చి పిల్లల కళ్ళూ, చెవులూ, గుండే, మాటా, నడకా చూడాలి. ఆ చూపు మా గుంటడిమీద రెండేళ్ళప్పుడే పడివుంటే?

సెంటరు లేని పేటలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండి అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ పెట్టాలని 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్సీ, ఎస్టీ వాడలకే ముందు పెట్టమంది.

కార్యకర్తలారా! సభలకి జనాన్ని కదిలించినట్టే టీకాల రోజున తల్లుల్ని కదిలించండి. ఒంటరిగా పంపకండి, వెంట వెళ్ళండి. పనికెళ్ళే వేళకి ముందే తూకం వెయ్యమని అడగండి. బిడ్డని ముట్టనివాళ్ళని అక్కడే నిలదీయండి. ప్రతి ఇంటా కార్డు తెరిపించి చదవండి. చదువొచ్చిన మనం చెయ్యాల్సిన మొదటి పని అదే.