న్యూసెన్స్ అంటే ఉత్త చిరాకేనా?

విశాఖ పాతనగరంలో పొద్దున్నే గచ్చు తుడిచిన ఇల్లాలు మధ్యాహ్నానికి మళ్ళీ గుడ్డ పట్టుకుంటుంది. అరికాళ్ళకు నల్లటి పొడి. ఆరేసిన తెల్లచొక్కా మీద మసి. ‘ఏటీ న్యూసెన్సు!’ అని విసుక్కుంటుంది. మేడ మీద గెంతే పిల్లల్నీ, అర్ధరాత్రి మోగే మైకునీ తిట్టేది ఆ మాటతోనే.

ఈ మాట పుట్టింది మాత్రం విసుగులోంచి కాదు. లాటిన్‌లో ‘నొకేరే’ అంటే హాని చేయడం. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చినప్పుడూ న్యూసెన్స్ అంటే హానే. విషవాయువులకు వాడే ‘నాక్షస్’ దీని తోబుట్టువు. తమాషా ఏమిటంటే ‘ఇన్నోసెంట్’ కూడా ఆ ఇంటి బిడ్డే! హాని చేయనివాడు కనుక అమాయకుడు. రానురాను వాడుకలో హాని పలచబడి చిరాకు మిగిలింది.

చట్టం మాత్రం రెంటినీ వదల్లేదు. 1860 నాటి శిక్షాస్మృతి 268వ సెక్షను ప్రకారం జనానికి హాని, ప్రమాదం, చిరాకు కలిగించేదేదైనా పబ్లిక్ న్యూసెన్సే. దానివల్ల ఎవరికో లాభమో సౌకర్యమో ఉందన్న సాకు చెల్లదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఇదే 270వ సెక్షను. న్యూసెన్స్ కేసంటే తాగి రోడ్డెక్కినవాడి మీద పెట్టేదనుకునే వారికి ఇది కాస్త వింతగానే ఉంటుంది.

విశాఖలో ఆ సాకు మాట తరచూ వినిపిస్తుంది. రేవు లేకపోతే ఊరెక్కడిది అంటారు. అదీ నిజమే. 1933లో తెరుచుకున్న రేవు మాంగనీసుతో మొదలుపెట్టి ఇనుపఖనిజం, బొగ్గు దాకా ఎన్నో సరుకులు మోసింది, ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించింది. కానీ గాలి తిరిగినప్పుడు ఆ గుట్టల పొడి జ్ఞానాపురం, పాతనగరం ఇళ్ళలోకి వస్తోందని అక్కడివారు ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. గుట్టల మీద నీళ్ళు చల్లడం, పట్టాలు కప్పడం, షెడ్లు కట్టడం అందుకే వచ్చాయి.

గచ్చు మీద కనిపించే పొడి గుడ్డతో పోతుంది. కంటికి ఆనని సన్నటి ధూళి ఊపిరితిత్తుల లోతుకు దిగుతుంది. అక్కడ న్యూసెన్స్‌కు పాత లాటిన్ అర్థమే సరిపోతుంది.

జనం ఆరోగ్యానికి చేటు చేసే సరుకు నిల్వలను తొలగించమనో, సరిచేయమనో ఆదేశించే అధికారం కలెక్టరుకూ ఆర్డీవోకూ ఉంది. ఒకప్పుడది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షను, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను. అర్జీలో రాయాల్సిన మాట న్యూసెన్సే.