అసలూ నకలూ

మా అనంతపురం జిల్లాలో ఒక్క బావిని నమ్ముకున్నవాణ్ణి తెలివిగలవాడని ఎవరూ అనరు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే సీమ మాది, అదీ కురిస్తే! అందుచేత ఇంటింటా తొట్టి, తొట్టి పక్కన కాగు, కాగు పక్కన బిందెలు. ఇంతటి జాగ్రత్తపరుల మధ్య పుట్టి పెరిగిన నేను, పదిహేనేళ్ళపాటు పోగుచేసుకున్న ఆస్తినంతా ఒకే ఒక్క డబ్బాలో పెట్టుకుని నిశ్చింతగా నిద్రపోయానంటే నమ్ముతారా? నమ్మండి. ఎం. ఏ. చదివినవాడికి ఆ మాత్రం అవివేకం వుండవచ్చును.

ఆస్తి అంటే పొలమూ పుట్రా కాదు. పాటలు. సెలవులు దొరికినప్పుడల్లా విద్యార్థులను వెంటబెట్టుకుని కళ్యాణదుర్గం వైపూ, రాయదుర్గం వైపూ తిరిగి, కలుపు తీసేవాళ్ళ పాటలు, వానకోసం కప్పతల్లిని వూరేగించే పిల్లల పాటలు, దంపుళ్ళ పాటలు రికార్డు చేసుకున్నాను. వాటిలో పన్నెండు మా అవ్వ పాడినవి. విత్తనానికి శనక్కాయలు వొలుస్తూ పాడింది. వొలిచిన కాయల చప్పుడు కూడా వినిపిస్తుంది. అవ్వ పోయి ఆరేళ్ళయింది. ఇదంతా నా ల్యాప్‌టాప్‌లోనే వుంది. ఆ ల్యాప్‌టాప్ వయస్సు ఎనిమిదేళ్ళు.

"ఏమండీ, అది మూలుగుతున్నది," అన్నది మా ఆవిడ ఒకనాడు. నిజమే, లోపలి నుంచి సన్నగా టిక్కు టిక్కుమని చప్పుడు. అప్పుడు కలిగింది భయం. మొత్తం కంప్యూటరుకు నకలు తీసి బయటి డిస్కులో దాచాలని నిశ్చయించుకున్నాను. దీన్నే పూర్తి బ్యాకప్ అంటారు. మనకు కావలసిన నాలుగు ఫైళ్ళూ వేరే చోటికి ఎత్తుకోవడం వేరు, ఇది వేరు. ఇందులో కంప్యూటరును నడిపించే సరంజామాతో సహా డిస్కులో వున్నదంతా వున్నట్టుగా నకలవుతుంది. రేపు డిస్కు చచ్చిపోయినా, కొత్త డిస్కులో ఆ నకలు దించితే యథాప్రకారం పని చేస్తుంది.

మా బావమరిది దగ్గర ఒక బయటి డిస్కు వుంది. టీవీకి తగిలించి సినిమాలు చూసుకునేవాడు. అది తెచ్చి, రాత్రి పని మొదలుపెట్టి పడుకున్నాను. తెల్లవారి చూస్తే "విఫలమైంది" అని ఒక్క ముక్క. ఎందుకో చెప్పదు. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ విఫలం. ఈ తంతు మూడు రాత్రులు సాగింది.

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. వాడికి ఫోను చేశాను. వాడు అడిగిన మొదటి ప్రశ్న నాకు భలే నచ్చింది.

"సార్, రోజూ ఒకే చోట ఆగుతాందా, ఒక్కోరోజు ఒక్కోచోటా?"

వైద్యుడు జ్వరం ఏ వేళకు వస్తున్నదని అడిగినట్టుంది. చూసి చెప్పాను: ఎప్పుడూ నాలుగు గిగాబైట్ల దగ్గరే. "అట్లయితే అది రోగం కాదు సార్, నిబంధన," అన్నాడు. ఆ డిస్కును టీవీ కోసమని ఫ్యాట్‌32 అనే పాత పద్ధతిలో సిద్ధం చేశారట. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు నాలుగు గిగాబైట్లకు మించరాదు. నా బ్యాకప్పేమో మొత్తాన్ని ఒకే పెద్ద ఫైలుగా మూట కట్టబోతున్నది. కుంచంలో పుట్టెడు గింజలు పోస్తే పడతాయా? డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతికి మార్చాలి. ఫార్మాట్ చేసి అట్లా మారిస్తే అందులో వున్నదంతా చెరిగిపోతుంది గనుక ముందు మా బావమరిది సినిమాలకు వేరే బస ఏర్పాటు చేసి, తరువాత ఆ పని చేశాను.

ఈసారి నాలుగు గిగాబైట్లు దాటింది. ఆనందించాను. తెల్లవారేసరికి ఇరవై శాతం దగ్గర ఆగి వుంది. మరునాడు నలభై. ఆ మరునాడు పదకొండు.

"ఇప్పుడు ఒక్కోచోట ఆగుతాంది గదా సార్, ఇది వేరే సంగతి. దోవలో చూడండి," అన్నాడు. దోవలో చూస్తే తప్పులు మూడు. ఎవరూ ముట్టుకోకపోతే అరగంటకు నిద్రపోయే అలవాటు ల్యాప్‌టాప్‌కు వుంది. బ్యాకప్ జరుగుతున్నా సరే, దాని నిద్ర దానిదే. ఆ నిద్ర మాన్పించాను. రెండవది, డిస్కును నాలుగు మూతుల యూఎస్‌బీ పలకకు తగిలించాను. అక్కడ మౌసూ, ప్రింటరూ పంచుకోగా మిగిలిన విద్యుత్తు డిస్కుకు చాలడం లేదు. నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించాను. మూడవది తీగ. ఎన్నాళ్ళదో, కదిలిస్తే లింకు తెగుతున్నది. నూరూ నూటయాభైలో కొత్తది వచ్చింది. కరెంటు పోతే బ్యాటరీ ఆదుకునే స్థితిలో లేదు గనుక, ఇన్వర్టరు వున్న గదిలోకి మకాం మార్చాను.

నాలుగో రాత్రి పని చక్కగా సాగింది. అరవైమూడు శాతం దగ్గర ఆగింది. మరునాడు కూడా అరవైమూడే. డిస్కు మీద కోపం వచ్చి, వేరే కొత్త డిస్కు కొని తెచ్చాను. దాని మీదా అరవైమూడే!

ఫోనులో ఈ మాట చెప్పగానే కుర్రవాడు ఒక క్షణం మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "సార్, తప్పు నకలు డిస్కుది కాదు. రెండు డిస్కుల మీదా ఒకేచోట ఆగిందంటే, మీ అసలు డిస్కే పోతాండాది. దాన్ని ఆపేయండి. ఇంకేం చేయొద్దు. నేను వస్తాండా."

చదువరులారా, ఈ ఒక్క సంగతి చెప్పడానికే ఇంత కథా చెప్పుకొచ్చాను. బ్యాకప్ కుదరకపోతే మనం నకలును తిడతాం, కొత్త డిస్కు కొంటాం, విసుగెత్తి మానేస్తాం. కాని పూర్తి బ్యాకప్ చేసే పని ఏమిటి? మనం ఏళ్ళ తరబడి తెరవని ఫైళ్ళతో సహా డిస్కులోని సమాచారాన్నంతా వరుసగా చదువుకుంటూ పోతుంది. ఎక్కడ చదవలేకపోతే అక్కడ ఆగుతుంది. నేను రోజూ ప్రశ్నపత్రాలు తయారుచేసుకున్న భాగం బాగానే వుంది గనుక నాకు ఏ అనుమానమూ రాలేదు. డిస్కులో పురుగు పట్టిన మూలను మొదట కనిపెట్టింది ఆ విఫలమైన బ్యాకప్పే. అది నాకు వారం రోజులుగా జాబులు రాస్తూంటే, నేను కవరు చూసి పక్కన పారేస్తూ వచ్చాను.

కుర్రవాడు వచ్చాడు. డిస్కును మరమ్మతు చేసే ఉపాయమేదో కంప్యూటరులోనే వున్నదని విన్నాను, అది చేయమన్నాను. తల అడ్డంగా వూపాడు. చావుబతుకుల్లో వున్న డిస్కుకు ఆ శ్రమ పెడితే, వున్న ప్రాణమూ పోవచ్చునట. "రిపేరు మళ్ళా చూద్దాం సార్. ఏది లేకుంటే మీకు జరగదో అది ముందు చెప్పండి."

నాకు నోరు పెగలలేదు. పరిశోధన వ్యాసాల చిత్తుప్రతులు వున్నాయి. పిల్లల చిన్ననాటి ఫోటోలు వున్నాయి. అవి కొన్ని మా ఆవిడ ఫోనులో కూడా వున్నాయి. పదిహేనేళ్ళ పాటలు వున్నాయి. "అవ్వ," అన్నాను.

ముందు ఆ ఫైళ్ళు ఎత్తాడు. ఆ తరువాత డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో మిగతా డిస్కును నకలు తీశాడు. ఇది బ్యాకప్‌లాగా మొండికెయ్యదు. చదవలేని చోటును గుర్తుపెట్టుకుని దాటిపోతుంది, వచ్చినంతా కూడగట్టుకుంటుంది, చివర మళ్ళీ వెనక్కు వచ్చి ఆ చోట్లనే ప్రయత్నిస్తుంది. ఒక రాత్రీ పగలూ పట్టింది. చాలామటుకు దక్కింది. అవ్వ పాటలు పన్నెండింటిలో పదకొండు నిక్షేపంగా వచ్చాయి. పన్నెండోది ఒక్క నిమిషం పాడి ఆగిపోతుంది. తరువాత కాయల చప్పుడు కూడా లేదు.

ఆ పాట మాటలు నా నోటుపుస్తకంలో వున్నాయి. మాటలే వున్నాయి.

అప్పుడు నాకు తాళ్ళపాకవారి రాగిరేకులు గుర్తుకు వచ్చాయి. అన్నమాచార్యులు 1503లో పరమపదించారు. కొడుకులూ మనుమలూ ఆ సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో ఒక అరలో భద్రపరచారు. అంతకన్న గట్టి బ్యాకప్ ఏముంటుంది? తాటాకును తినే పురుగు రాగిని తినలేదు. ఆ రేకులు 1922లో బయటపడి, 12,000 పైచిలుకు కీర్తనలు మనకు దక్కాయి. ప్రతి పాటకూ రాగం పేరు చెక్కారు గాని, ఎట్లా పాడారో స్వరం చెక్కలేదు. 1893లో మా జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మగారు, 1950లలో తిరుపతిలో ఆ సంపుటాలను పరిష్కరిస్తూ, ఎన్నో కీర్తనలకు తామే స్వరం కట్టవలసివచ్చింది. ఆ స్వరాలు అపురూపమైనవే. అయినా అవి శర్మగారివి. అన్నమయ్య గొంతులో ఎట్లా వుండేవో ఇక ఏ రేకూ చెప్పదు. నకలు వున్నదనుకోవడం వేరు, దాని నుంచి అసలును తిరిగి లేపగలగడం వేరు.

ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. అమెరికాలో పిక్సార్ సంస్థవారు "టాయ్ స్టోరీ 2" తీస్తున్నప్పుడు, 1998లో, ఎవరో పొరపాటున ఇచ్చిన ఆజ్ఞకు చిత్రం చాలా భాగం కంప్యూటర్లలో చెరిగిపోసాగింది. బ్యాకప్పులు వున్నాయి కదా అని తీసి చూస్తే అవి సరిగా లేవు. అన్నాళ్ళూ ఎవరూ తీసి చూడలేదు. పసిబిడ్డ తల్లి గనుక ఇంటి దగ్గర పనిచేసుకునే గ్యాలిన్ సస్‌మన్ అనే ఆమె కంప్యూటరులో ఒక నకలు వుండబట్టి సినిమా బతికింది.

ఇంటి దగ్గరి నకలు! కంప్యూటరువాళ్ళు దీనికి మూడు, రెండు, ఒకటి అని సూత్రం కట్టుకున్నారు. మూడు ప్రతులు వుండాలి, అవి రెండు రకాల సాధనాల మీద వుండాలి, ఒకటి వేరే చోట వుండాలి. మా అవ్వకు ఈ సూత్రం తెలియదు. అయినా విత్తనపు కాయలు కొన్ని కుండల్లో, కొన్ని అటక మీద సంచుల్లో, కొన్ని మా చిన్నమ్మవాళ్ళ ఊళ్ళో దాచేది. వాన తప్పి పైరు పోయిన ఏడు, ఎక్కడో ఒకచోట గింజ మిగిలేది. అంతేకాదు. విత్తే నెలకు ముందు పిడికెడు గింజలు తడిగుడ్డలో మూటగట్టి మొలకలు చూసేది. మొలవని విత్తనం ఎన్ని బస్తాలు వుంటే ఏం లాభం?

నేనూ మొలక చూశాను. ల్యాప్‌టాప్‌లో కొత్త డిస్కు వేయించి, పనికిమాలిన ఫైళ్ళు ఏరివేసి, పూర్తి బ్యాకప్ మళ్ళీ తీశాను. ఈసారి నూరు శాతానికి వచ్చింది. అక్కడితో ఆగలేదు. చచ్చిన కంప్యూటరును లేపడానికి కావలసిన రికవరీ పెన్‌డ్రైవు ఒకటి తయారుచేసి, దానితో నిజంగానే లేస్తుందో లేదో కుర్రవాడి అంగట్లో వేరే ఖాళీ డిస్కు మీద దించి చూశాము. లేచింది. బ్యాకప్ అయిన వెంటనే డిస్కు ఊడదీసి బీరువాలో పెడుతున్నాను. తగిలించే వుంచితే, కంప్యూటరుకు పట్టే పీడ దానికీ పడుతుంది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్సులు తగిలించి వున్న నకలునూ వదలవు. రెండవ డిస్కు ఎక్కడున్నదంటారా? మా చిన్నమ్మ ఇంట్లో.

ఆ డిస్కు ఇవ్వడానికి వెళ్ళినప్పుడే ఆ పన్నెండో పాట సంగతి చెప్పాను. మాటలు చదివి వినిపించాను. చిన్నమ్మ కళ్ళు మూసుకుని, తడుముకుంటూ, ఎత్తుకుంది. రెండో చరణం దగ్గర ఆగింది.

"ఈడ మాయమ్మ గొంతు ఎట్లనో తిప్పేది నాయనా. నాకు రాదు," అన్నది.

ఆ ఆగినదాన్ని కూడా అట్లాగే రికార్డు చేసుకున్నాను. ఇప్పటికి అది మూడుచోట్ల వుంది.