హకీంకూ కఫం పరీక్ష కావాలి

దగ్గొస్తే మనవాళ్లు చాలామంది ముందు వచ్చేది హకీం దగ్గరికే. లవూఖ్ సపిస్తాన్ గొంతుకు హాయినిస్తుంది గానీ క్షయ క్రిములను చంపదు. అందుకే రెండు వారాలు దాటిన దగ్గును మేం మా దగ్గరే ఉంచుకోకూడదు. కఫం పరీక్షకు సర్కారు దవాఖానాకు పంపాలి. అక్కడ పరీక్ష, మందులు ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలల మందు. తిండి ఖర్చుకు నెలకు 1000 రూపాయలు 2024 నవంబరు నుంచి ఇస్తున్నారు.

మరి ఇరుకు గదిలో రోజంతా ఆ గాలే పీల్చే హకీం, కాంపౌండరు, నర్సు సంగతేమిటి? వాళ్లకు సోకితే వచ్చిన రోగులకూ అంటుతుంది. వాళ్లకూ ఏటా పరీక్ష జరగాలి. జబ్బు తేలితే జీతంతో సెలవివ్వాలి, కొలువు తీసేయకూడదు. దవాఖానా కిటికీలు తెరిచి ఉంచాలి. దగ్గుతున్న హకీంను 'మీరు చూపించుకున్నారా?' అని అడగండి. అది అమర్యాద కాదు.