పంది మాంసంలో సాల్మొనెల్లా: బాధ్యత వంటింటిది మాత్రమే కాదు



పంది మాంసాన్ని బాగా ఉడికిస్తే సాల్మొనెల్లా భయం ఉండదన్న మాట సగమే నిజం. వేడికి ఆ బ్యాక్టీరియా చస్తుంది. కానీ పచ్చి మాంసం కోసిన కత్తితోనే పచ్చి ఉల్లిపాయ తరిగితే, కూర ఎంత ఉడికినా ప్రయోజనం లేదు. భారమంతా కొన్నవాళ్ల మీదికి నెట్టడం అన్యాయం. పెంచేవాళ్లూ కోసేవాళ్లూ ముందు పూనుకోవాలి.

సాల్మొనెల్లా సోకిన పంది చాలాసార్లు జబ్బుపడ్డట్టే కనిపించదు. మేత తింటుంది, బరువు పెరుగుతుంది. బ్యాక్టీరియా పేగుల్లో, టాన్సిల్స్‌లో, లింఫు గ్రంథుల్లో మకాం వేసి ఉంటుంది. లారీలో కుక్కి కబేళాకు తోలినప్పుడు ఆ బెదురుకు మళ్లీ పేడలో పడటం మొదలవుతుంది. అక్కడి కొట్టంలో ముందు మంద వదిలిన పేడ ఉంటే, ఏ మచ్చా లేకుండా వచ్చిన పందికి కూడా కొన్ని గంటల్లోనే అంటుకుంటుంది. కంటితో చూసి ముద్ర వేసే తనిఖీకి ఇదేదీ దొరకదు.

ఈ విషయంలో డెన్మార్క్ దారి అనుసరించదగ్గది. 1993లో అక్కడ పంది మాంసం వల్ల చాలామంది జబ్బుపడ్డారు. 1995 నుంచి దేశమంతటా మందలపై నిఘా పెట్టారు. కబేళాలో చిన్న కండ ముక్క తీసి, గడ్డకట్టించి, కరిగినప్పుడు కారిన రసంలో యాంటీబాడీలు వెతుకుతారు. దాన్నిబట్టి మందలను మూడు స్థాయిలుగా విభజిస్తారు. సమస్య ఎక్కువున్న మందలకు ధరలో కోత పడుతుంది. మూడో స్థాయి పందులను ప్రత్యేక జాగ్రత్తలతో కోస్తారు. తర్వాతి ఏళ్లలో ఆ దేశపు పంది మాంసం వల్ల వచ్చే కేసులు బాగా తగ్గాయి.

ధరలో కోతకు భయపడి రైతు కొట్టాన్ని పూర్తిగా ఖాళీచేసి, కడిగి, ఆరబెట్టాకే కొత్త పిల్లలను దించుతాడు. ఎలుకలను రానివ్వడు. గుళికల దాణా బదులు ముతకగా ఆడించిన దాణా పెడితే పంది పొట్టలో ఆమ్లం పెరిగి సాల్మొనెల్లా తగ్గుతుంది. అయితే అదే బరువు రావడానికి దాణా ఎక్కువ పడుతుంది. ఆ అదనపు ఖర్చును రైతు ఒక్కడి నెత్తిన వేయకూడదు.

రైతును మాత్రమే దండిస్తే కబేళా తప్పించుకుంటుంది. యాంటీబాడీలు పుట్టడానికి వారం పైనే పడుతుంది కనుక, కొట్టంలో చివరి గంటల్లో అంటినది రసం పరీక్షలో తేలదు. పేగులు తీసేటప్పుడు తెగి, మలం మాంసం మీద పడినా తేలదు. మలద్వారం చుట్టూ కోసి ప్లాస్టిక్ సంచి బిగించి కట్టడం, కత్తులను 82 డిగ్రీల నీటిలో ముంచడం కబేళా పనులు. అవి సరిగా జరుగుతున్నాయో లేదో తెలియాలంటే, కోసిన పంది ఒంటిమీద నుంచి నమూనాలు తీసి పరీక్షించాలి. ఆ ఫలితాల మీద కబేళాకూ జరిమానా ఉండాలి.

— ఒక పాఠకుడు